నా పేరు చెక్కిన బుర్ర

అది నాది అని చెప్పి ఉంటే సరిపోయేది. ఇరవై ఏళ్ల కిందట, రెడ్డియార్‌పాళయంలోని మా ఇంటి నడవలో మా అవ్వ నా పెట్టె సర్దుతూ, అరచేతిలో పట్టేంత సొరబుర్ర ఒకటి బయటికి తీసి ఇదేందని అడిగినప్పుడు, ఆ ఒక్క మాట నా నోట రాలేదు. గోవిందుది అన్నాను. అర్జెంటీనాలో తిండి తిప్పల గురించి నేను చెప్పే కబుర్లు మా బంధువుల్లో విననివాళ్లు లేరు. పెళ్లిళ్లలో, సీమంతాల్లో, పంక్తి లేచాక తాంబూలం వేసుకుంటూ నన్ను కూర్చోబెట్టి చెప్పించుకునేవారు. వాటిలో తిండి గురించి చెప్పింది చాలావరకు నిజం. గోవిందు గురించి చెప్పింది అబద్ధం. ఏది ఏదో విడదీసి పెట్టడానికే ఈ అధ్యాయం రాస్తున్నాను.

పోయిన ఏడాది వానలకు ముందు మిద్దె కారుతోందని అటక ఖాళీ చేయించాను. అవ్వ పోయి తొమ్మిదేళ్లయింది. ఆమె మూట ఒకటి అక్కడే ఉండిపోయింది. విప్పితే ఆమె రాగి చెంబు, ఒక కాడ విరిగిన కళ్లజోడు, పాత చీర ముక్కలో చుట్టిన ఆ బుర్ర. అది ఎప్పుడో పోయిందని నేను నమ్మకంగా ఉన్నాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే కర్పూరం వాసన, దాని అడుగున పచ్చి గడ్డి ఎండిన వాసన. ఆ రెండో వాసన ఎల్సా ఇంటిది. అటక కింద నిచ్చెన పట్టుకున్న మేస్త్రీ రెండుసార్లు పిలిచేదాకా నేను దిగలేదు.

మా అవ్వ సంగతి ముందు చెప్పాలి. మా ఇంట్లో గ్లాసుకు పెదవి తగిలితే అది పెద్ద తప్పు. అవ్వ తల వెనక్కి వంచి, చెంబు జానెడు ఎత్తున పట్టి నీళ్లు పోసుకుంటే చుక్క కింద పడేది కాదు, మింగిన చప్పుడు కూడా వినపడేది కాదు. మూడేళ్ల పిల్లలకు కూడా అలా తాగడం నేర్పేది. నేర్చుకునేదాకా మా చొక్కాలన్నీ తడే. పొద్దున ఇడ్లీ పిండి పులిసిన వాసనతో, చికోరీ కలిపిన డికాషన్ వాసనతో ఇల్లు లేచేది. ఎవరైనా కొరికిన మురుకు ముక్క అదే డబ్బాలో వేస్తే డబ్బా మొత్తం పనిమనిషికి పోయేది. తిన్న చెయ్యి ఎండకముందే లేచి కడుక్కోవాలి. ఎండిన చేత్తో కబుర్లు చెబుతూ కూర్చోవడం ఆమె దృష్టిలో పశువుల పని. ఇంత పట్టింపున్న మనిషి కోపిష్ఠి కాదు. ఎవరినీ ఆకలితో వాకిలి దాటనిచ్చేది కాదు. పరాయి వస్తువు ఏదైనా ఇంట్లో మిగిలిపోతే దాన్ని చేర్చేదాకా నిద్రపోయేది కాదు. ఈ చివరి గుణమే తరువాత నా ప్రాణం తీసింది.

మా చిన్నాయన సేదరపేట్‌లో ఒక ఫ్యాక్టరీకి మేనేజరు. పొద్దుతిరుగుడు గింజల నుంచి నూనె తీసే యంత్రాలు చేసేవాళ్లం. నాకు అక్కడ సూపర్‌వైజరు పని ఇప్పించింది ఆయనే. అర్జెంటీనాలో ఒక చిన్న ఊరివాళ్లు మూడు యంత్రాలు కొంటే, వాటిని బిగించి నడిపి చూపించి రమ్మని నన్నూ, ఫిట్టరు గోవిందునూ పంపింది కూడా ఆయనే. గోవిందుది ముదలియార్‌పేట. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. మాలాగే వాళ్లదీ తరతరాల కిందట ఈ తమిళ నేలకు వచ్చిన తెలుగు కుటుంబం. ఫ్యాక్టరీలో అందరితో పాటు మేమూ తమిళమే మాట్లాడేవాళ్లం. విమానం ఎక్కాక ఎవరు ముందు మొదలుపెట్టామో గుర్తులేదు, ఇంటి తెలుగులోకి వచ్చేశాం. అప్పటిదాకా సార్ అన్నవాడు ఆ రోజు నుంచి తమ్ముడా అన్నాడు. ఇద్దరికీ ఆ భాష నోట ఉందే కాని చేత లేదు. నాకు ఈ అక్షరాలు నేర్పింది తరువాత వచ్చిన నా భార్య. ఆమెది సూళ్లూరుపేట. గోవిందుకు ఒకే ఆశ ఉండేది. ఫ్యాక్టరీ క్యాంటీన్ తన భార్య సరోజకు ఇప్పించుకోవాలి. తిరిగి వచ్చాక ఇస్తానని చిన్నాయన మాట ఇచ్చాడు. ఆ అయిదు నెలలూ సాయంత్రాలు అతను నాతో మాట్లాడింది ఎక్కువగా ఆ క్యాంటీన్ గురించే: సాంబారుకు ఎంత పెద్ద గుండిగ కావాలి, టీ బల్ల ఏ పక్కన పెట్టాలి.

మేము దిగిన ఇల్లు ఎల్సా అనే ముసలావిడది. భర్త లేడు. రెండు గదులు మాకిచ్చి, వంట తనే చేసేది. ఆ ఇంటి వేళలకు అలవాటు పడడానికి మాకు నెల పట్టింది. పొద్దున పలహారం అంటే పాలు పోసిన కాఫీ, నెలవంకలా వంచిన తియ్యటి రొట్టె రెండు. మాకది పలహారం ముందు తినే పలహారంలా అనిపించేది. మధ్యాహ్నం అన్నాల వేళకు అంగళ్లన్నీ మూసేసి ఊరు పడుకునేది. సాయంత్రం అయిదున్నరకు మళ్లీ రొట్టె, దానిమీద పాలకోవా గట్టిపడక ముందు ఎలా ఉంటుందో అలాంటి గోధుమరంగు తీపి పూసేవాళ్లు. గోవిందు దాన్ని చెంచాతో తినేవాడు. రాత్రి భోజనం మా ఊళ్లో అందరూ పడుకునే వేళకు. కారం అన్నది లేదు. ఉప్పు, అంతే. సరోజ కట్టిచ్చిన ఇడ్లీ కారప్పొడి ఎల్సా చిటికెడు నాలుకమీద వేసుకుని, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ మా ఇద్దరి నెత్తినా చెయ్యిపెట్టింది. పాపం, రోజూ ఇది తింటూ ఎలా బతికారో అన్నట్టు.

రొట్టెను పళ్లెంలో పెట్టరు, గుడ్డ పరిచిన బల్లమీదే పెడతారు. తిన్నాక లేవరు. ఎంగిలి పళ్లేలు ముందు పెట్టుకుని గంట, గంటన్నర మాట్లాడుకుంటారు. నాకు మొదట్లో అరచెయ్యి దురద పుట్టేది, అవ్వ ఎక్కడో నిలబడి చూస్తున్నట్టు. ఆదివారం పెరట్లో నిప్పు వేసి ఎల్సా తమ్ముడు మాంసం కాల్చేవాడు. మంట మీద కాదు, బొగ్గుల సెగమీద, మూడు నాలుగు గంటలు. అయ్యాక అందరూ ఆయనకు చప్పట్లు కొట్టేవాళ్లు. వంట చేసిన మనిషికి చప్పట్లు కొట్టడం నేను అక్కడే చూశాను. మా అమ్మకు, అవ్వకు ఎవరమైనా ఒక్కసారి కొట్టామా అనుకున్నాను. నేను మాంసం తినను. మా ఇంట్లో ఎవరూ తినరు, అక్కడా తినలేదు, అది నిజమే. ఎల్సా మా కజ్జికాయల్లాంటివి చేసేది, లోపల మాంసం పెట్టి. నా కోసం కొన్నిటిలో జున్ను, గుమ్మడి పెట్టి, వాటి అంచు వేరేగా మడిచేది. తాడు పేనినట్టు ఉంటే నావి, చెంచాతో నొక్కినట్టు ఉంటే గోవిందువి. అయిదు నెలల్లో ఒక్కసారి కూడా ఆవిడ అంచు తప్పు మడవలేదు.

ఇక బుర్ర. వాళ్లు దాన్ని మాతే అంటారు. ఎండిన ఆకు పొడి బుర్రలో సగానికి పోసి, వేడినీళ్లు పోసి, అడుగున జల్లెడ ఉన్న లోహపు గొట్టంతో పీల్చి తాగుతారు. చేదు. బుర్ర ఒకటే, గొట్టం ఒకటే, మనుషులు ఎంతమందైనా. నీళ్లు పోసే మనిషి ముందు తాగి, మళ్లీ నింపి పక్కవాళ్లకిస్తుంది. వాళ్లు తాగి ఆమెకే తిరిగిస్తారు. ఆమె నింపి ఇంకొకరికి. మేము వెళ్లిన మరునాడే ఎల్సా, ఆమె తమ్ముడు, పక్కింటి ఇద్దరు మమ్మల్ని వరండాలో గుండ్రంగా కూర్చోబెట్టారు. నా వంతు వచ్చింది. ఆ గొట్టం అప్పటికి నలుగురి నోళ్లలోంచి వచ్చింది. ఎత్తి పోసుకుందామంటే అది చెంబు కాదు. నేను జేబులోంచి చేతిరుమాలు తీసి, గొట్టం కొనను గట్టిగా తుడిచాను.

మాటలు ఆగిపోయాయి. నేనేదో పద్ధతిగా చేశాననుకుని తల ఎత్తితే ఎవరూ నావైపు చూడడం లేదు. ఎల్సా తన ఒళ్లోని చేతుల వైపు చూసుకుంటోంది. ఆవిడ ఎదురుగా ఆవిడ నోటిని తుడిచి పారేసినట్టయిందని నాకు అప్పుడు తెలియలేదు. నేను పైపైన పెదవి ఆనించి ఇచ్చేశాను. తరువాత గోవిందు వంతు. ఎల్సా అతనికి ఇవ్వాలా వద్దా అని ఆగింది. గోవిందే చెయ్యి చాపి తీసుకుని, తుడవకుండా నోట పెట్టుకుని, అడుగున బుడబుడమనేదాకా పీల్చి, రెండు చేతులతో తిరిగిచ్చాడు. ఆవిడ ముఖంలోకి కళ తిరిగొచ్చింది. అందరూ మళ్లీ మాట్లాడసాగారు. ఆ రోజు మా ఇద్దరి పరువూ నిలబెట్టింది అతను.

గదిలోకి వచ్చాక నేను అడిగాను, నీకు అసహ్యం వేయలేదా అని. అతను చొక్కా మడత పెడుతూ చెప్పాడు. "వేసింది తమ్ముడా. ఎందుకు వెయ్యదు. కాని ఆ అమ్మ వండింది తింటా ఉండాము, ఆ అమ్మ ఉతికిన దుప్పటి కప్పుకుంటా ఉండాము. ఆ అమ్మ నోరు మాత్రం మనకు కాదా?" మరునాడు నేను తుడవలేదు. వారం గడిచేసరికి నా వంతు కోసం ఎదురుచూడడం మొదలైంది. నెల దాటాక నీళ్లు పోసే పని కూడా నాకే ఇచ్చారు, అది అక్కడ ఒక గౌరవం. బయలుదేరే రోజున ఎల్సా మా ఇద్దరికీ చెరొక బుర్ర ఇచ్చింది. నడుముకు సన్నటి వెండి రేకు, రేకు మీద ఇంగ్లీషు అక్షరాల్లో పేరు. గోవిందు దానిమీద గోవిందు, నా దానిమీద రాము.

అవ్వ ఆ అయిదు నెలలూ ఒంటిపూట భోజనం చేసిందని నాకు ఇంటికి వచ్చాకే తెలిసింది. మనవడు పరాయి నేలమీద కట్టు తప్పకుండా తిరిగి రావాలని మొక్కుకుందట. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. ఆ ముఖంతో ఆమె బుర్ర పట్టుకుని నిలబడింది. ఎలా వాడతారో చెప్పమంటే చెప్పాను.

"దీన్ని నోట్లో పెట్టినావా రా?"

"లేదవ్వా. నేను తాకలే. గోవిందుది అది. పెట్టెలో చోటు లేదని నా దాంట్లో పెట్టినాడు."

"అంతమందీ ఒకే గొట్టంలోనా తాగేది? వాడూనా?"

"వాడూను."

నాయన అప్పుడే ఆఫీసు నుంచి వచ్చాడు. అవ్వ బుర్రను ఆయన చేతికిచ్చింది. అవ్వకు ఇంగ్లీషు అక్షరాలు రావు. నాయనకు వచ్చు. ఆయన దాన్ని తిప్పి, రేకు దగ్గర ఆగి, నావైపు చూశాడు. నేను నేల చూశాను. ఆయన రేకు మీది పేరుపై బొటనవేలు ఆనించి పట్టుకుని, తన తల్లి చిక్కిపోయిన ముఖం ఒకసారి చూసి, "వాడిదే అయితే వాడికి ఇచ్చెయ్యి" అన్నాడు. అంతే. బతికి ఉన్నంతకాలం ఆయన ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. కొట్టినా బాగుండేది.

గోవిందు మాంసం తిన్నాడన్నది మావాళ్లెవరికీ పట్టలేదు. తినేవాళ్లు తింటారు. ఎంగిలి మాత్రం పట్టుకుంది. అవ్వ అదే రోజు చిన్నాయనను పిలిచి, వాడి పెండ్లాము చేతి తిండేనా నువ్వు మీవాళ్లకు పెట్టబోయేది అని అడిగింది. చిన్నాయనకు అది తమాషాగా తోచింది. నన్ను కూర్చోబెట్టి మళ్లీ చెప్పించుకున్నాడు. ఆయన నవ్వితే నేనింకొంచెం కలిపాను. గోవిందు బుర్ర కోసం పరిగెత్తినట్టు, ముసలావిడ నోట్లోంచి లాక్కున్నట్టు, గొట్టంలో చప్పుడు చేస్తూ పీల్చినట్టు. ఆ చప్పుడు నేను బాగా చేస్తాను. నాకు ఉద్యోగం ఇచ్చినవాడు, ఇంకో ఉద్యోగం ఇవ్వగలిగినవాడు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే ఆపడం చేతకాలేదు. ఆయన ఆ కథను ఫ్యాక్టరీకి మోసుకెళ్లాడు.

ఫ్యాక్టరీలో తాగునీళ్ల డ్రమ్ముకు గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు ఒకటి ఉండేది. అందరూ ఎత్తి పోసుకునేవాళ్లు. ఆయుధపూజ రోజున యంత్రాలకు పసుపు కుంకుమ పెట్టి, బొరుగులు పంచుకుంటున్నాం. గోవిందు నీళ్లకు వెళితే ఎవరో ఒక ప్లాస్టిక్ గ్లాసు తెచ్చి, నీది ఇది అని డ్రమ్ము మీద పెట్టారు. దాని చుట్టూ నీలం దారం కట్టి ఉంది. అందరూ నవ్వారు, వెనకనుంచి ఒకడు గొట్టంలో పీల్చే చప్పుడు చేశాడు. నేను చేసే చప్పుడే, అచ్చంగా. గోవిందు తిరిగి నావైపు చూశాడు. కోపంగా కాదు. నువ్వు ఉన్నావు కదా, చెప్పు వీళ్లకు, అన్నట్టు. నా చేతిలో బొరుగుల పొట్లం ఉంది. నేను అందులో శనగలు ఏరుకున్నాను. అతను ఆ దారం గ్లాసులో నీళ్లు తాగి, కడిగి, బోర్లించి వెళ్లాడు. ఆ నెలలోనే క్యాంటీన్ ఇంకొకరికి ఇచ్చారు. పొంగల్‌లోపు గోవిందు పని మానేశాడు. పోయేటప్పుడు నాతో "వస్తాను సార్" అన్నాడు.

మా ఊరు చిన్నది. ఒక మనిషిని తప్పించుకోవాలంటే చాలా తిరగాలి. అతను ముదలియార్‌పేటలో ఒక లేత్ వర్క్‌షాపులో చేరాడని తెలిశాక నేను ఆ రోడ్డు వదిలేశాను. కడలూరు వైపు పోవాల్సి వచ్చినప్పుడల్లా సముద్రం పక్కగా చుట్టు తిరిగి పోయేవాణ్ణి. నా భార్య మొదట్లో గాలి కోసమనుకుంది. పెళ్లికి పోతే ఎవరో ఒకరు చెప్పు రా ఆ అర్జెంటీనా కథ అనేవారు. చెప్పకపోతే ఎందుకని అడుగుతారు. చెబితే మళ్లీ గోవిందును ఆ వరండాలో కూర్చోబెట్టి పరిగెత్తించాలి. ఏళ్ల తరబడి పరిగెత్తించాను. ఇంటికొస్తే అవ్వ. వాడి వస్తువు వాడికిచ్చినావా అని నెలకోసారి అడిగేది. మరిచిపోయినానవ్వా అనేవాణ్ణి. చివర్లో మనుషుల పేర్లు కూడా తప్పిపోయేవి ఆమెకు, ఈ ప్రశ్న తప్పేది కాదు. "పరాయివాడి సొమ్ము మనింట్లో పెట్టుకుని నన్ను పంపకు రా" అంది ఒకరోజు. అప్పుడైనా చెప్పవచ్చు. ఆమె మొక్కు తీరి పదేళ్లు దాటింది. అయినా చెప్పలేదు. ఎంగిలి అని ముట్టుకోవడానికే జడిసిన ఆ బుర్రను ఆమె చీరలో చుట్టి, తన చెంబు పక్కన పెట్టుకుని కాపాడింది, ఇంకొకరి సొత్తు అని.

అటక దిగిన నాలుగో రోజున ముదలియార్‌పేట పోయాను. మధ్యాహ్నం మూడున్నర. గోవిందు ఇంటి ముందు బల్లమీద కూర్చుని ఉన్నాడు, జుట్టంతా తెల్లబడింది. సరోజ పొద్దునపూట వాకిట్లో బియ్యప్పిండి ఇడియాప్పం వత్తి అమ్ముతుందట, ఆ అచ్చులు కడుగుతోంది. నేను బుర్ర తీసి బల్లమీద పెట్టాను. అతను రేకు తుడిచి, కళ్లకు దూరంగా పట్టి, రాము అని చదివాడు. సరోజ లోపలికి పోయి ఇంకో బుర్ర తెచ్చి పక్కన పెట్టింది. అందులో దీపం వత్తులు ఉన్నాయి. రేకు మీద గోవిందు అని ఉంది. నేను చెప్పాల్సిందంతా చెప్పాను, నాయన బొటనవేలి దాకా. క్షమించమని అడిగాను.

సరోజ పైకి చూపించింది. గోడ మీది చెక్క అరమీద రెండు పెద్ద గుండిగలు బోర్లించి ఉన్నాయి. "క్యాంటీన్ వస్తుందని తెచ్చి పెట్టుకుంటిని. ఒకసారి కూడా పొయ్యిమీదికి పోలేదు అవి."

గోవిందు నా బుర్రను నావైపు జరిపాడు. "నాకు చెప్పి ఏం లాభం సార్. నేను ఆడనే కదా ఉంటిని, నాకు తెలవదా. యాడ చెప్పి నవ్వించినారో ఆడ చెప్పండి."

ఆ నెలాఖరున చిన్నాయనకు డెబ్బై నిండాయని రెడ్డియార్‌పాళయంలో మండపం తీసుకున్నారు. గోవిందునూ సరోజనూ నేను స్వయంగా పోయి పిలిచాను. వస్తారనుకోలేదు. భోజనాలయ్యాక కాఫీలు ఇస్తుంటే చూశాను, చివరి వరుసలో ఇద్దరూ ఉన్నారు. పాత ఫ్యాక్టరీవాళ్లు కూడా పదిమంది ఉన్నారు. చిన్నాయన మెడలో దండతోనే, "ఏమప్పా, ఆ బుర్ర కత చెప్పు రా, పిల్లోళ్లు వినలేదు" అన్నాడు.

వేదిక ఎక్కి చెప్పాను. చేతిరుమాలు నాదన్నాను, బుర్ర నాదన్నాను, జేబులోంచి తీసి చూపించాను. జనం నవ్వారు. ఇన్నేళ్లుగా నేను నోరు తెరిస్తే నవ్వడం అలవాటైనవాళ్లు, కథకు కొత్త మలుపు పెట్టాననుకున్నారు. అబద్ధం చెప్పానన్నాను, ఇంకా నవ్వారు. చిన్నాయన, "వీడు గోవిందును చూసి మార్చి చెప్తా ఉండాడు" అన్నాడు. ఎవరో ఆ చప్పుడు చేశారు. మాటలతో ఇక లాభం లేదని తెలిసింది.

నేను వేదిక దిగి చివరి వరుస దాకా నడిచాను. గోవిందు కాఫీ సగం తాగి టంబ్లరు పట్టుకుని ఉన్నాడు. పెదవి ఆనించే తాగుతున్నాడు, ఎల్సా ఇంట్లో తాగినట్టే. చెయ్యి చాపాను. అతను ఇవ్వాలా వద్దా అని ఆగి, ఇచ్చాడు. తుడవలేదు. అతని పెదవి ఆనిన చోటే నా పెదవి ఆనించి, మిగిలింది తాగాను. మండపంలో నవ్వు ఆగిపోయింది. కాఫీ ఇస్తున్నవాళ్లు కూడా ఆగారు. రెండు చేతులతో టంబ్లరు తిరిగిచ్చి, అందరికీ వినపడేలా చెప్పాను.

"అన్నా, ఆడ ఆ అమ్మ నోరు తుడిచినవాణ్ణి నేను. ఈడ నీ నోటికి ఎంగిలి అంటగట్టినవాణ్ణి నేను. ఆయుధపూజ నాడు నువ్వు చూసినావు, నేను చూడలే. తప్పు నాది. నన్ను మన్నించు."